తమ్ముడి బ్యాగులో 14 ఖాళీ స్ట్రిప్పులు. కిట్‌లో మాత్రం నెగటివ్!

విభాగం: ఇల్లు, ఆరోగ్యం

బ్రాడీపేట_అక్క | ఆదివారం, రాత్రి 11:42

నమస్తే అండీ. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు. ఫోన్లో కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మా పుట్టిల్లు విజయవాడ పటమట. నేను పెళ్ళయి గుంటూరు వచ్చేశాను. తమ్ముడు బీటెక్ మూడో ఏడు. పోయిన వారం శనివారం అమ్మవాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాడి కాలేజీ బ్యాగు ఉతుకుదామని తీశాను. లోపలి జిప్పులో మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, రబ్బరు బ్యాండు చుట్టి ఉన్నాయి. లెక్కపెడితే 14. ఒక రకం మీద ట్రమడాల్ అని ఉంది, ఇంకోదాని మీద ఆల్ప్రజోలం. ఈ రెండోది మా నానమ్మ నిద్ర కోసం సగం బిళ్ళ వేసుకునేదే. అడిగితే "ఫ్రెండువి, నా బ్యాగులో పెట్టాడు" అన్నాడు. ఖాళీవి దాచిపెట్టమని ఎవరైనా ఇస్తారా?

నాన్నకు చెబితే ఆన్‌లైన్లో ఒక కిట్ తెప్పించారు, మూత్రంతో చూసేది. వాడు పేచీ పెట్టకుండా ఇచ్చాడు. అన్నీ నెగటివ్. "చూశావా, పిల్లాణ్ణి అనవసరంగా అనుమానించావు" అని తిట్లు నాకే పడ్డాయి. నాన్న లెక్కలో మత్తు అంటే గంజాయి. కళ్ళు ఎర్రబడాలి, బట్టలు వాసన కొట్టాలి. వీడు సిగరెట్ కూడా ముట్టడు.

కానీ మనిషి మారిపోయాడు. మధ్యాహ్నం దాకా లేవడు. ఎప్పుడూ మలబద్ధకం, అమ్మ రోజూ ఇసబ్‌గోల్ కలిపిస్తోంది. స్ట్రిప్పులు దొరికిన మర్నాటి నుంచి ముక్కు కారడం, ఆవలింతలు, కాళ్ళు ఒకచోట పెట్టలేకపోవడం. జలుబు అంటాడు. సెమిస్టర్ ఫీజు పేరుతో రెండుసార్లు డబ్బు తీసుకున్నాడని అమ్మ ఇప్పుడు చెబుతోంది.

మా మేనమామ మత్తు మాన్పించే ఒక సెంటర్ సంగతి చెప్పాడు. ఫోన్ చేస్తే చాలట, రాత్రిపూట బండి వేసుకుని నలుగురు మనుషులు వచ్చి తీసుకుపోతారట. ఆరు నెలలు మనం చూడ్డానికి వెళ్ళకూడదు, ఫోను ఉండదు. అమ్మ సగం ఒప్పుకుంది. నాకే భయంగా ఉంది. ఏం చేయమంటారు?

వన్‌టౌన్_ఆటో | ఆదివారం, రాత్రి 11:58

ఆ బండిని పిలవకండమ్మా. కారణం పొద్దున రాస్తాను, బస్టాండు కిరాయి వచ్చింది.

మామయ్య_మాట | సోమవారం, ఉదయం 6:10

మేనమామ చెప్పింది కరెక్టే. మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయి? నాలుగు తగిలించి, ఫోను లాక్కుని, ఊళ్ళో పొలం పనికి పంపితే నెల తిరక్కుండా దారికొస్తాడు. గారాబం ఎక్కువైతే వచ్చే జబ్బులు ఇవి.

కొత్తపేట_అమ్మ | సోమవారం, ఉదయం 6:31

మామయ్య గారూ, కొట్టి చూసినవాళ్ళం కూడా ఇక్కడ ఉన్నామండీ.

మందులషాపు_గుంటూరు | సోమవారం, ఉదయం 7:05

అమ్మా, 22 ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. ఆ రెండు పేర్లూ చూడగానే గుండె జారింది.

ట్రమడాల్ నొప్పుల బిళ్ళే కానీ నల్లమందు కుటుంబానికి దగ్గర చుట్టం లాంటిది. 2018 ఏప్రిల్‌లో దాన్ని మత్తుపదార్థాల చట్టం కిందకు తెచ్చారు. అంతకు నాలుగేళ్ళ ముందే, 2014 మార్చి నుంచి, అది షెడ్యూల్ హెచ్1లో ఉంది, ఆల్ప్రజోలం కూడా. అంటే డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఎవరు రాశారో, ఎవరికి ఇచ్చామో, ఎన్ని ఇచ్చామో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. రూల్ అది. జరిగేది వేరే. పాత చీటీ తెచ్చి చూపిస్తారు, ముద్ర వేయని షాపు వెతుక్కుంటారు, ఇక్కడ ఒక స్ట్రిప్పు, పక్క వీధిలో ఇంకో స్ట్రిప్పు.

నేనేమీ శుద్ధపూసను కాను. కొన్నేళ్ళ క్రితం ఒక కుర్రాడు "నానమ్మకు మోకాళ్ళ నొప్పులండీ" అని నాలుగు రోజులకోసారి వచ్చేవాడు. మూడు నెలలు ఇచ్చాను. ఒకరోజు ఆ నానమ్మే బీపీ మాత్రలకు వచ్చింది. మోకాళ్ళు ఎలా ఉన్నాయమ్మా అంటే, "నాకు మోకాళ్ళ నొప్పులేంటి నాయనా, రోజూ నడిచే గుడికెళ్తా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ఆ కుర్రాడు వస్తే లేవని చెప్పాను. వాళ్ళ ఇంట్లో ఒక మాట చెప్పాల్సింది, చెప్పలేదు. గొడవ మనకెందుకులే అనుకున్నాను.

మీ ఇంట్లో చీటీ ఏదైనా ఉందేమో చూడండి. ఈ బిళ్ళలు చాలామందికి మొదట డాక్టరు రాసినవే అయి ఉంటాయి.

పీజీ_రెండో_ఏడు | సోమవారం, ఉదయం 7:48

నేను సైకియాట్రీ, అంటే మానసిక వైద్యం, పీజీ చేస్తున్నాను. ఊరూ కాలేజీ చెప్పను. ఇక్కడ చెప్పేది వైద్యం కాదు, మనిషిని చూడకుండా వైద్యం చెప్పలేం. కానీ మూడు సంగతులు ఇప్పుడే తెలియాలి.

కిట్ నెగటివ్ వచ్చిందంటే ఏమీ వాడలేదని కాదు. మామూలు కిట్‌లో నల్లమందు గీత మార్ఫిన్ లాంటివాటినే పట్టుకుంటుంది. ట్రమడాల్ దానికి చిక్కదు. దానికి వేరే పరీక్ష ఉంది. గంజాయి సంగతి దీనికి తలకిందులు, అది కొవ్వులో నిలవ ఉంటుంది, రోజూ తాగేవాళ్ళు మానేశాక కూడా వారాల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. కాబట్టి ఆ చారల్ని పట్టుకుని నాన్నగారు తీర్పు చెప్పకూడదు.

రెండోది మరీ ముఖ్యం. మాత్రలు లాక్కుని గదిలో పెట్టి తాళం వేయకండి. ఆల్ప్రజోలం రోజూ వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకు కూడా రావచ్చు. దాన్ని డాక్టర్ చేతి మీదుగా మెల్లగా తగ్గించాలి. ముక్కు కారడం, ఆవలింతలు, కాళ్ళ పీకులాట జలుబులా లేవు, ట్రమడాల్ అందకపోతే ఒళ్ళు అలాగే గొడవ చేస్తుంది. మలబద్ధకం కూడా ఆ మందు పనే.

మూడోది ప్రశ్న. మీ తమ్ముడికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?

బ్రాడీపేట_అక్క | సోమవారం, ఉదయం 8:20

మీకెలా తెలుసండీ?? పోయిన కార్తీకంలో వచ్చాయి. బాత్రూంలో పడిపోయాడు, నాలుక కొరుక్కున్నాడు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తలకు ఎంఆర్ఐ తీశారు, ఈఈజీ చేశారు, రెండూ నార్మల్. ఫిట్స్ మాత్రలు రాసిచ్చారు, ఇప్పటికీ వేసుకుంటున్నాడు. నానమ్మ గాలి సోకిందంది, గుణదల కొండ దగ్గర ఎవరిచేతో తాయెత్తు కట్టించారు. నేను దానికీ దీనికీ ముడి పెట్టలేదు.

పీజీ_రెండో_ఏడు | సోమవారం, ఉదయం 8:34

ట్రమడాల్ ఎక్కువ వేసుకుంటే దానంతట అదే ఫిట్స్ తెప్పించగలదు. 20 ఏళ్ళ కుర్రాడికి మొదటిసారి ఫిట్స్ వచ్చి, స్కానింగులన్నీ బాగుంటే, ఏ మందులు వేసుకుంటున్నావని మేం తప్పక అడగాలి. అడిగారా? అడిగితే ఇంట్లోవాళ్ళు ఏం చెప్పారు?

ఫిట్స్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. కొత్తగా చూసే డాక్టర్‌కు రెండు కథలూ కలిపి చెప్పండి, స్ట్రిప్పులు కూడా తీసుకెళ్ళండి. మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు పెద్దాసుపత్రి (జీజీహెచ్), విజయవాడ ప్రభుత్వాసుపత్రి, ఎక్కడైనా సైకియాట్రీ ఓపీ ఉంటుంది. కదలడానికి ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే 14446, కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బు పడదు.

వన్‌టౌన్_ఆటో | సోమవారం, మధ్యాహ్నం 1:15

పొద్దున రాస్తానన్నా, ఇప్పుడు కుదిరింది. రెండేళ్ళ కిందట తెల్లవారుజామున గొల్లపూడి వైపు నుంచి వస్తుంటే ఒక అబ్బాయి చెప్పుల్లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు. కాళ్ళకు చీలమండల దగ్గర చుట్టూ పుండ్లు. గొలుసు వేశారట. నలభై మందికి రెండు బాత్రూములట, డాక్టరనేవాడు నెలకోసారి కూడా రాడట. కృష్ణలంకలో దింపాను. వాళ్ళమ్మ తలుపు తీసి నా చేతులు పట్టుకుని ఏడ్చింది, "వాళ్ళు యోగా, పూజ, పెరుగన్నం అని ఫోటోలు పంపారు బాబూ" అని. డబ్బులు తీసుకోలేదు. ఏ సెంటరో ఇక్కడ రాయను, ఇప్పుడు లేదు కూడా.

అన్నీ అలాంటివే అని నేననను. మా బావమరిది ఒకచోట మంచిగా బాగుపడ్డాడు. కానీ అక్కడ చూడ్డానికి ఎప్పుడైనా రానిచ్చేవాళ్ళు. రానివ్వనిచోట ఏదో ఉంటుంది.

పటమట_లాయరు | సోమవారం, సాయంత్రం 6:40

ఆటో అన్న చెప్పినదానికి చట్టం తోడుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులూ కలిసి ఉన్నాయి. మనిషిని ఏ రకంగానైనా గొలుసులతో కట్టడం నిషేధం. సమ్మతి ఇచ్చే స్థితిలో లేని పేషెంటును చేర్చుకోవడానికి 89వ సెక్షన్ ఉంది, కానీ దానికి సైకియాట్రిస్టుతో కలిపి ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, మొదటి విడత 30 రోజులు దాటకూడదు. రాత్రి బండిలో నలుగురు వచ్చి చేతులు విరిచి పట్టుకుపోవడం ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. సెంటర్ వాళ్ళను రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ రిజిస్ట్రేషన్ చూపించమనండి. నసిగితే లేచి వచ్చేయండి.

చాలామంది నాకు పర్సనల్‌గా పెట్టే ప్రశ్నకు ఇక్కడే జవాబిస్తాను: ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసవుతుందా? 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్)లోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. వాడకం కేసో, చిన్న మోతాదు కేసో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే ఆ కేసులో విచారణ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కాబట్టి భయపడాల్సింది ఓపీ చీటీ చూసి కాదు.

ఇంకో మాట, ఇది కుర్రాళ్ళకు. గంజాయి కిలో లోపైతే చిన్న మోతాదు, 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు. "కిలో లోపు కదా, ఏమీ కాదు" అని ఎవరో చెబితే నమ్మి వచ్చిన ఇంటర్ పిల్లల్ని చూశాను. దానికీ ఏడాది వరకు జైలు రాసి ఉంది. వాణిజ్య మోతాదైతే పదేళ్ళకు తగ్గదు, బెయిలు దొరకడం గగనం. "ఈ బ్యాగు తెనాలి దాకా పట్టుకెళ్ళు, రెండు వేలిస్తా" అనేవాడు లోపల ఎన్ని కిలోలున్నాయో చెప్పడు.

కానూరు_కుర్రాడు | సోమవారం, రాత్రి 10:02

మాత్రల సంగతి ఒప్పుకుంటా. కానీ గంజాయిని కూడా ఇందులో కలిపేస్తున్నారు. అది ఆకు, నేచురల్. సాధువులు తాగుతారు. మద్యం కంటే నయం. మా హాస్టల్లో తాగేవాళ్ళలో క్లాస్ ఫస్ట్ కూడా ఉన్నాడు. ఎవడికీ ఏమీ కాలేదు.

మిర్చియార్డు_గుమస్తా | సోమవారం, రాత్రి 10:47

అబ్బాయ్, గన్నేరు కూడా నేచురలే.

నాకు 41. యార్డులో కమీషన్ కొట్టులో గుమస్తాని. సీజన్లో తెల్లారుజామున మొదలైతే రాత్రి దాకా లెక్కలు. 19వ ఏట మొదలుపెట్టాను, సరదాగానే. 30 వచ్చేసరికి పొద్దున్నే ఒకటి లేకపోతే పెన్ను పట్టలేను. మిర్చి ఘాటుకు యార్డులో అందరూ దగ్గుతారు, అందుకని నా దగ్గు ఎవరికీ తేడాగా కనపడలేదు.

తర్వాత వాంతులు మొదలయ్యాయి. రోజూ కాదు, రెండు నెలలకోసారి వచ్చి మూడు రోజులు పట్టేవి. నీళ్ళు తాగినా బయటికే. నాకు తెలిసిన ఒకే ఒక్క ఉపశమనం వేన్నీళ్ళు. బక్కెట్ల కొద్దీ పోసుకుంటూ గంటలు గంటలు బాత్రూంలో కూర్చునేవాణ్ణి. చర్మం ఎర్రగా కమిలిపోయేది. మా ఆవిడ నీళ్ళు కాచి కాచి, గ్యాసు బండ 18 రోజులకే అయిపోయేది. మూడు ఎండోస్కోపీలు చేయించుకున్నాను. ఒకరు అల్సర్ అన్నారు, ఒకరు పిత్తాశయం తీసేద్దామన్నారు. లక్షన్నర పోయింది.

చివరికి ఒక చిన్న డాక్టరు, మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లాడు, "వేన్నీళ్ళు పోసుకుంటే తగ్గుతుందా?" అని అడిగాడు. నేను బిత్తరపోయాను. ఎవరికీ చెప్పలేదది. తర్వాత మా ఆవిడను బయట కూర్చోమని, "గంజాయి ఎన్నేళ్ళ నుంచి?" అన్నాడు. "తాగుతావా" అని కాదు, "ఎన్నేళ్ళ నుంచి" అని. అన్నేళ్ళలో ఆ మాట నా నోట మొదటిసారి ఆ గదిలో వచ్చింది.

మానేశాక వాంతులు ఆగాయి. ఆగాయి కదా అని బంధువుల పెళ్ళిలో ఒకసారి మొదలెట్టాను, రెండు నెలల్లో మళ్ళీ బాత్రూంలోనే ఉన్నాను. ఇప్పటికి ఆరేళ్ళు దాటింది. మొదటి రెండు వారాలు నిద్ర లేదు, అన్నం సయించలేదు, చీమ కుట్టినా కోపం. అది దాటాలి.

పీజీ_రెండో_ఏడు | మంగళవారం, ఉదయం 7:20

గుమస్తా గారి జబ్బు పేరు క్యానబినాయిడ్ హైపరెమెసిస్, అంటే ఏళ్ళ తరబడి గంజాయి తాగడం వల్ల వచ్చే వాంతులు. వేన్నీళ్ళ గుర్తు మాకు పుస్తకంలోనే ఉంటుంది.

కానూరు తమ్ముడూ, తాగినవాళ్ళందరూ పాడవుతారని ఎవరూ అనడం లేదు. సుమారు పదిమందిలో ఒకరు దానికి బానిసవుతారు. టీనేజీలో మొదలుపెడితే ఆ వాటా ఇంకా పెరుగుతుంది, ఆరుగురిలో ఒకరి దాకా. మెదడు ఇంచుమించు 25 ఏళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది మరి. చిన్న వయసులో ఎక్కువగా తాగినవాళ్ళకు చెవుల్లో మాటలు వినపడటం, అందరూ తననే గమనిస్తున్నారనే అనుమానం లాంటి జబ్బులు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా అలాంటి జబ్బుంటే అసలు దరిదాపులకు పోకూడదు. మద్యం కంటే నయమన్నావు. మద్యం నయమని ఎవరన్నారు?

కానూరు_కుర్రాడు | మంగళవారం, ఉదయం 9:11

ఓకే డాక్టర్. వేన్నీళ్ళది నిజంగా తెలియదు. క్లాస్ ఫస్ట్ వాడు ఈమధ్య రూములో ఫ్యాన్‌లో కెమెరా ఉందంటున్నాడు. జోక్ అనుకున్నాం.

పీజీ_రెండో_ఏడు | మంగళవారం, ఉదయం 9:14

జోక్ కాదు. ఇవాళే వాళ్ళింటికి ఫోన్ చేయండి.

రిటైర్డ్_మాస్టారు | మంగళవారం, ఉదయం 11:30

34 ఏళ్ళు గుంటూరు జిల్లాలో పాఠాలు చెప్పాను. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా చేసిన సర్వే నివేదిక వచ్చింది. మద్యం తాగేవాళ్ళు 16 కోట్లు, భంగు, గంజాయి లాంటివి వాడేవాళ్ళు 3 కోట్ల పైన, నల్లమందు జాతివి వాడేవాళ్ళు 2 కోట్ల 26 లక్షలు. నా కంటికి తగిలింది మాత్రం ఇంకో అంకె. పీల్చే మత్తులు, అంటే వైట్‌నర్, జిగురు లాంటివి, పెద్దవాళ్ళలో 0.58 శాతమైతే పిల్లల్లో 1.17 శాతం. పిల్లలు పెద్దలను దాటిపోయిన మత్తు అదొక్కటే.

ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడు ఎప్పుడూ జేబురుమాలు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. జలుబనుకుని విక్స్ కొనిచ్చాను. నేను మంచి మాస్టారినని పేరు!

ఏటా జూన్ 26న, మత్తుమందుల వ్యతిరేక దినానికి, ర్యాలీ చేయించేవాళ్ళం, పుర్రె బొమ్మ, సిరంజి బొమ్మ పట్టుకుని. నానమ్మ మాత్రల డబ్బా బొమ్మ ఒక్క ఏడాదీ గీయించలేదు.

మామయ్య_మాట | మంగళవారం, మధ్యాహ్నం 12:05

లెక్కలు బాగున్నాయి. అమ్మేవాడి సంగతేంటి? వాణ్ణి వదిలేసి పిల్లల్ని ఆసుపత్రులకు తిప్పడమేనా?

పటమట_లాయరు | మంగళవారం, మధ్యాహ్నం 12:40

మంచి ప్రశ్న అడిగారు మామయ్యా. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు నుంచి మత్తుమందుల కేసులకు ఈగల్ అని ప్రత్యేక పోలీసు విభాగం ఉంది. అమ్మకాల సమాచారం ఇవ్వడానికి నంబరు 1972. 14446 మాట సాయానికి, 1972 ఫిర్యాదుకు, రెండూ కలపకండి.

కొత్తపేట_అమ్మ | మంగళవారం, రాత్రి 9:55

రాయాలా వద్దా అని రెండు రోజులుగా చూస్తున్నాను.

మా అబ్బాయికి 24. మొదట మాత్రలే. తర్వాత నొప్పి ఇంజెక్షన్లు. ఎండాకాలంలో ఫుల్ చేతుల చొక్కా వేసుకునేవాడు. వాళ్ళ నాన్న కొట్టారు, నేనూ కొట్టాను. తర్వాత దూరంగా ఒక సెంటర్లో మూడు నెలలు ఉంచాం. ఇంటికొచ్చినప్పుడు ఒళ్ళు చేశాడు, బుగ్గలొచ్చాయి. వచ్చిన రోజు పులిహోర చేశాను, మూడుసార్లు పెట్టించుకున్నాడు. నాలుగో రోజు సాయంత్రం స్నానానికని వెళ్ళాడు. ఎంతకీ రాలేదు.

అందరికీ గుండెపోటని చెప్పాం. కూతురి పెళ్ళి ఉంది కదా. డాక్టరు కాగితం మీద ఏదో రాస్తుంటే మా ఆయన ఆయన కాళ్ళు పట్టుకున్నారు. ఇప్పటికీ మా చుట్టాలందరూ పాపం చిన్న వయసులో గుండె అంటారు. వాళ్ళ పిల్లలకు ఈసీజీలు తీయించుకున్నారు కూడా.

మూడు నెలలు మానేసినవాడు, మళ్ళీ ఒక్కసారికే ఎందుకు పోయాడో నాకు అర్థం కాదు. మానకుండా ఉన్న రోజుల్లో బతికే ఉన్నాడు కదా.

పీజీ_రెండో_ఏడు | మంగళవారం, రాత్రి 10:20

అమ్మా. ఈ నల్లమందు జాతి మందులు రోజూ తీసుకుంటే ఒళ్ళు అలవాటుపడుతుంది, అందుకే మోతాదు పెంచుకుంటూ పోతారు. మానేసిన కొన్ని వారాలకే ఆ అలవాటు పోతుంది. కోరిక మాత్రం పోదు. అప్పుడు పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. సెంటర్ నుంచో, జైలు నుంచో వచ్చిన మొదటి రోజులు అందుకే అన్నిటికన్నా ప్రమాదం. ఈ సంగతి పంపించేటప్పుడు వాళ్ళు మీకు చెప్పి ఉండాల్సింది. ఆ తర్వాత కూడా మందులు కొనసాగించాల్సింది. మీరు పెట్టిన పులిహోరలో తప్పేం లేదమ్మా.

బ్రాడీపేట_అక్క | మంగళవారం, రాత్రి 11:30

అమ్మా, మీ మాట మా అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. బండి వద్దంది.

బ్రాడీపేట_అక్క | తొమ్మిది రోజుల తర్వాత, గురువారం

ఆలస్యానికి క్షమించండి. మొన్న సోమవారం వెళ్ళాం. విజయవాడలో అయితే ఎవరైనా చూస్తారని నాన్న గుంటూరే కావాలన్నారు. తీరా సైకియాట్రీ ఓపీ వరసలో మా ముందు నిలబడింది పటమటలో మా పక్కింటి ఆంటీ, అంకుల్ తాగుడు మాన్పించడానికి తీసుకొచ్చారు. రెండు కుటుంబాలూ కాసేపు గోడ మీద పోస్టర్లు చదువుకున్నాయి. తర్వాత ఆంటీనే మజ్జిగ ప్యాకెట్లు కొనుక్కొచ్చి ఇచ్చారు.

తమ్ముణ్ణి ఒప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. "ఫిట్స్ మళ్ళీ వస్తాయేమోనని భయంగా ఉందా?" అని అడిగా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆపుదామని నాలుగుసార్లు చూశాను, రెండో రోజుకే ఒళ్ళంతా కరెంటు షాకులు కొట్టినట్టుంటుంది అన్నాడు. మందులషాపు బాబాయ్ గారూ, మీరన్నట్టే చీటీ ఉంది. రెండేళ్ళ కిందట బెంజి సర్కిల్ దగ్గర బండి మీంచి పడి భుజం ఎముక విరిగింది. ఐదు రోజులకు రాసిన చీటీ అది.

అసలు సంగతి ఇది కాదు. డాక్టర్ గారు కార్తీకంలో వచ్చిన ఫిట్స్ గురించి అడిగారు. "అప్పుడు ఆసుపత్రిలో మాత్రల సంగతి ఎవరూ అడగలేదా?" అన్నారు. నేను లేదనబోయాను. నాన్న అడ్డొచ్చారు. "అడిగారండీ. ఏం లేదని చెప్పాను. ఆ రోజు వీడి జేబులో స్ట్రిప్పు దొరికింది. నేనే కాలవలో పారేశాను" అన్నారు.

అమ్మకు తెలియదు. తమ్ముడికీ తెలియదు, ఎక్కడో పడిపోయిందనుకున్నాడట. ఏడు నెలలు ఆయన ఒక్కరే మోశారు. కిట్ తెప్పించింది కూడా నెగటివ్ రావాలని మొక్కుకునే. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ గదిలో ఆయన ముఖం చూశాక ఏం అనాలో తెలియలేదు.

పది రోజులు వార్డులో ఉంచుతామన్నారు. నిద్రమాత్ర కొంచెం కొంచెం తగ్గిస్తున్నారు, ట్రమడాల్‌కు నాలుక కింద పెట్టే మందు ఇస్తున్నారు, వాళ్ళ ఎదుటే వేసుకోవాలి. తర్వాత వారం వారం రావాలి, నెలలు పడుతుందన్నారు.

మామయ్య_మాట | గురువారం, రాత్రి

మీ నాన్నగారిని ఏమీ అనకండమ్మా. నేనైనా అదే చేసేవాణ్ణి.

మిర్చియార్డు_గుమస్తా | గురువారం, రాత్రి

బాబు వార్డులో బోరు కొడుతోందంటే చెప్పండి. యార్డుకు వేసవి సెలవులు, ఖాళీగా ఉన్నా. సాయంత్రాలు వచ్చి కూర్చుంటా. సలహాలు చెప్పను, పేకాట కూడా ఆడించను. కూర్చుంటా అంతే.

బ్యాగు_నాదే | ఐదు వారాల తర్వాత, ఆదివారం

అక్క లింక్ పంపింది. మొత్తం చదివా. 14 కాదు, నావి 11. మూడు నానమ్మ డబ్బాలోంచి తీసినవి. అంటే అవీ నావే అనుకోండి.

గుమస్తా అంకుల్ రోజూ వచ్చారు. నిజంగానే ఏమీ చెప్పలేదు. బజ్జీలు తెచ్చేవారు.

మాస్టారూ, ఆ పిల్లాడు తర్వాత ఏమయ్యాడు?

డాక్టర్ గారూ, బండి తాళాలు నాన్న ఇవ్వడం లేదు. ఎప్పుడు నడపొచ్చు?

పీజీ_రెండో_ఏడు | ఆదివారం

ఫిట్స్ వచ్చినవాళ్ళు ఎప్పుడు నడపాలో మిమ్మల్ని చూసే డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా సిటీ బస్సు.

రిటైర్డ్_మాస్టారు | ఆదివారం

తొమ్మిదిలో బడి మానేశాడు బాబూ. ఆ తర్వాత నేను కనుక్కోలేదు.

మందులషాపు_గుంటూరు | ఆదివారం

బాబూ, ఆ పాత చీటీ ఏం చేశావు?

బ్యాగు_నాదే | ఆదివారం

చించేశాను అంకుల్. ఫోన్లో ఫోటో ఉంది. రేపు అక్క వస్తుంది, తన ముందే తీసేస్తా.